కట్టె మునిగేదాకా

ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. నీళ్ళలో ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది, ఎందుకు మునుగుతుంది అనే పాఠం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. అలాంటి నన్ను మూరన్నర కట్టె ఒకటి పది రోజుల పాటు సొంత ఇంట్లోనే వెర్రిబాగులవాణ్ణి చేసింది. కట్టె ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుపోదును. దానికి మా అత్త తోడైంది.

ముందు మా అత్త సంగతి చెప్పాలి. ఆమె నాతో మాట్లాడదు. కోపమూ కాదు, గొడవా కాదు, మర్యాద. నెల్లూరు జిల్లా సంగం పక్క పల్లెల్లో ఆమె ఈడు ఆడవాళ్ళు అల్లుడికి ఎదురుపడరు, అల్లుడు కూర్చున్న గదిలో కూర్చోరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. నాకు పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆమె గొంతు తెలుసు, ఆమె చేపల పులుసు రుచి తెలుసు, తలుపు చాటున కదిలే చీర చెంగు తెలుసు. మొహం మాత్రం పెళ్ళిళ్ళలో దూరం నుంచి చూసిందే.

మా ఇద్దరి మధ్య మా ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి. "అయ్యోరికి మజ్జిగ కావాల్నేమో అడగమ్మా" అని వంటింట్లో ఆమె అనే మాట వరండాలో ఉన్న నాకు శుభ్రంగా వినపడేది. అయ్యోరంటే నేనే, మా వైపు పల్లెల్లో బడిపంతులును అలాగే అంటారు. నేను "వద్దని చెప్పు" అనేవాణ్ణి, అదీ ఆమెకు వినపడేది. అయినా సరే, మా ఆవిడ వంటింటికీ వరండాకీ మధ్య తిరిగి ఆ రెండు మాటలూ మోయాల్సిందే. మోయకపోతే మాట చేరినట్టు కాదు.

మామ పోయాక ఆమె సంగంలో ఒంటరిగానే ఉండింది. మగపిల్లలు లేరు, మా ఆవిడ ఒక్కతే కూతురు. పొలం కౌలుకిచ్చి, నాలుగు కోళ్ళను పెట్టుకొని, తనపాటికి తాను వండుకు తినేది. ఒకరోజు పొద్దున పెరట్లో పాచికి కాలు జారి పడి, పాలు పోసే ఆమె వచ్చి చూసిందాకా లేవలేక అక్కడే ఉండిపోయింది. ఆ సాయంత్రమే మా ఆవిడ వెళ్ళి ఒక ట్రంకుపెట్టెను, కూలీలకు అన్నం వండే ఒక పెద్ద అల్యూమినియం డేగిసాను, తల్లిని, మూడింటినీ కలిపి కావలిలో మా ఇంటికి తెచ్చేసింది. డేగిసా ఎందుకని అడిగితే, అది లేకుండా రానని కూర్చుందట.

నెల రోజులుంటానని వచ్చిన మనిషి నాలుగు నెలలుంది. కానీ ట్రంకుపెట్టెలోని చీరలు బీరువాలోకి మారలేదు. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టేది, అల్లుడింట్లో ఎన్నాళ్ళని పడుంటా, నలుగురూ ఏమనుకుంటారు, నేను పోతా అని. మా ఆవిడ ఉండమనేది. ఆమె పోతాననేది. నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి.

నిజానికి ఆమె పోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. మళ్ళీ పడితే ఎవరు చూస్తారు? అదొకటి. ఆమె వచ్చాక మా ఆవిడ మొహం విప్పారింది. ఇంట్లో చారుకు వాసన వచ్చింది. పైగా నేను చెప్పే కబుర్లకు తలుపు చాటున కిసుక్కున నవ్వే మనిషి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే, మా ఆవిడ ముప్పై ఏళ్ళ క్రితమే మానేసింది. మీ అమ్మను ఎక్కడికీ పోనీయకు అని మా ఆవిడతో వందసార్లు అని ఉంటాను.

అలా ఉండగా బెంగళూరులో మా అమ్మాయికి డెంగీ జ్వరం వచ్చింది. మా ఆవిడ ఆరోజే బయలుదేరింది. ఆటో ఎక్కబోతూ నన్ను గేటు బయటికి లాగి గుసగుసగా అసలు సంగతి చెప్పింది. తాను ఊళ్ళో లేని సమయం చూసి తల్లి వెళ్ళిపోవడానికి సిద్ధమవుతోందట. శుక్రవారం కారు తెమ్మని సంగంలో ఉన్న తన అక్క కొడుక్కి ఫోన్ కూడా చేసిందట. అల్లుడి తిండికి ఇబ్బంది లేకుండా పక్కింటావిడతో మాట్లాడి పెట్టిందట.

"నేనొచ్చేలోపల అమ్మ ఈ గడప దాటిందంటే మీ మొహం చూడను" అంది మా ఆవిడ.

ఆమె నాతో మాట్లాడనే మాట్లాడదు గదా, నేనెట్లా ఆపేది అని అడిగాను. ముప్పై ఏళ్ళు ఊరి పిల్లలనందర్నీ బడి గోడ దూకకుండా ఆపినారు గదా, ఆలోచించండి అని ఆటో ఎక్కేసింది. గేటు వేసి వెనక్కి తిరిగేసరికి కిటికీ తెర కదిలింది.

ఎక్స్‌ఛేంజి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నమే తెలిసింది. అన్నం వడ్డించి, మూత పెట్టి, ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయి గ్యాస్ పొయ్యితో చెప్పింది, కూర చల్లారతా ఉంది అని. నేను వచ్చి కూర్చొని, ముందు గదిలో ఉన్న చేపలతో చెప్పాను, బెండకాయ బాగుంది అని. పొయ్యి ఏమీ అనలేదు. చేపలూ ఏమీ అనలేదు.

ఆ చేపలు నేను రిటైరైన రోజున స్కూల్లో తోటివాళ్ళంతా కలిసి ఇచ్చినవి, అద్దాల తొట్టితో సహా. మూడు గోల్డ్ ఫిష్‌లు. వాటికి తోడు, అద్దాలకు పట్టిన పాచి తింటుందని నేను తెచ్చిన సక్కర్ చేప ఒకటి. ఆ సక్కర్ కొన్నాళ్ళుగా ఒక మూల నక్కి బయటికి రావడం మానేసింది. దానికి గీక్కోవడానికి, దాక్కోవడానికి నీళ్ళలో ఒక కట్టె కావాలి సార్ అన్నాడు చేపల కొట్టు అబ్బాయి. తన దగ్గర ఉన్న కట్టెలు కూడా చూపించాడు. పక్కనే తుమ్మలపెంటలో సముద్రం పెట్టుకొని కొట్లో కట్టె కొంటే నేనేం సైన్సు మాస్టర్ని? మోటారు సైకిలేసుకొని పోయి, ఇసుకలో సగం కూరుకుపోయిన ఒక వేరును పీక్కొచ్చాను. ఉప్పునీళ్ళకూ ఎండకూ తెల్లబడి, రెండు పాయలుగా చీలి, భలే అందంగా ఉండింది. ఏ చెట్టుదో ఇప్పటికీ తెలియదు.

మా ఆవిడ వెళ్ళిన ఆ సాయంత్రం తోచక, దాన్ని కుళాయి కింద ఒకసారి తడిపి తొట్టిలో వేసేశాను. అది తేలింది. నొక్కితే మునిగింది, వదిలితే లేచింది. ఒక పాయ మీద రాయి పెడితే రెండో పాయ పైకి లేచి తొట్టి మూతను ఎగరేసింది. రాయి జారి గులకరాళ్ళ మీద పడింది. ఇంతలో దాని సందుల్లోంచి ఇసుక, దాని వెనకే నల్లటి పురుగులు రెండు ఈదుకుంటూ బయటికి వచ్చాయి. గంట తిరిగేసరికి నీళ్ళు డికాషన్ రంగుకు వచ్చాయి. చేపలను గబగబా బకెట్లోకి మార్చి, కట్టెనూ, కొట్టు అబ్బాయినీ, సముద్రాన్నీ వరసగా తిట్టాను. నాకు కోపం వస్తే వీధి చివరికి వినపడుతుందని మా ఆవిడ అంటుంది.

తిట్లు ఆగాక వంటింట్లోంచి మాట వచ్చింది, పొయ్యితో.

"ఏ కాయగూరైనా కడిగి, ఉడకబెట్టి, ఉప్పు చూసి గదా ఆకులో వడ్డిస్తాం. పచ్చిది తెచ్చి మొహాన కొడితే ఆ మూగజీవాలు మాత్రం ఏం జేస్తాయి?"

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అది నిజం. సముద్రపు కట్టెను బ్రష్‌తో రుద్ది, ఉడకబెట్టి, రోజులకొద్దీ మంచినీళ్ళలో నానబెట్టి, ఉప్పూ రంగూ పోయాకే తొట్టిలో పెట్టాలని పుస్తకంలో నేనూ చదివాను. చదివి, నాకు తెలియదా అని ఆ పేజీ తిప్పేశాను. ఉడకబెట్టే పని రేపు పెట్టుకున్నాం అని బకెట్లో ఉన్న చేపలతో గంభీరంగా చెప్పాను.

మర్నాడు మా వంటింట్లో ఉన్న ఏ గిన్నెలోనూ ఆ కట్టె పట్టలేదు. ఒక పాయ లోపల, ఒక పాయ బయట. రంపం కోసం వెతుకుతుంటే పెరట్లో గడగడమని చప్పుడైంది. మా అత్త సంగం డేగిసాను దొర్లించుకొస్తోంది. మూడు రాళ్ళు ఎప్పుడు పెట్టిందో, సరుగుడు కట్టెలు ఎక్కడ సంపాదించిందో, పొయ్యి అప్పటికే అంటుకొని ఉంది. కొంగు నెత్తి మీదికి లాక్కొని, నాకు వీపు పెట్టి నిలబడి, గోడ మీది కాకితో చెప్పింది, కొబ్బరి పీచుతో రుద్ది తెస్తే బాగుంటుంది అని. నేను రుద్ది తెచ్చాను. ఇంకా సందుల్లో ఇసుక ఉంది అని చెప్పింది కాకితో. మళ్ళీ రుద్దాను. మూడోసారికి కాకి విసుగెత్తి ఎగిరిపోయింది. ఆమె కరివేపాకు చెట్టు వైపు తిరిగింది.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ కట్టె కుతకుత ఉడికింది. గంటకొకసారి తిప్పాలి, నీళ్ళు తగ్గితే పోయాలి. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, "కట్టెలు బెట్టి కట్టెను వండతా ఉండారేంది పెద్దమ్మా?" అంది. అందులో తప్పేమీ లేదు, సరిగ్గా మేం చేస్తున్నది అదే. అయితే ఆవిడ చూపంతా డేగిసాలోని నీళ్ళ మీద ఉంది. కరోనాకు నాటుమందు పంచిన నాటినుంచి మా జిల్లాలో పెరట్లో ఏది ఉడికినా సీసా పట్టుకొని వచ్చేవాళ్ళు ఉంటారు. ఆ ఎర్రటి నీళ్ళు కట్టెలోంచి వచ్చే టానిన్లమ్మా, చేపలకు హాని చెయ్యవు, ఒకరకంగా మంచివే గానీ మనుషులకు పనికిరావు అని నేను పాఠం చెప్పాను. ఆవిడకు మంచివే అన్నంత వరకే వినపడింది. సీసాడు నీళ్ళు పట్టుకుపోయి భర్త మోకాళ్ళకు రాసింది. మర్నాడు ఆయన మెట్లెక్కాడని చెప్పింది. ఆయన రోజూ ఎక్కుతూనే ఉంటాడు.

ఉడికిన కట్టెను పెరట్లో ప్లాస్టిక్ టబ్బులో వేసి, పైన సన్నికల్లు పెట్టి, నీళ్ళు పోశాం. రోజూ నీళ్ళు మార్చాలి, ఉప్పు పోయిందాకా. ఉప్పు పోయిందో లేదో తేల్చడానికి శాస్త్రంలో పద్ధతి ఉంది. సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేస్తే, ఉప్పుంటే నీళ్ళు తెల్లగా విరుగుతాయి. ఆ రెండు చుక్కల కోసం ఎండన పడి పాత స్కూలుకు పోయాను. ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కున్నాను. ఆ మనిషి సెలవులో ఉన్నాడని తెలుసుకున్నాను. చెమటలు కక్కుతూ ఇంటికొచ్చేసరికి మా అత్త టబ్బు పక్కన కూర్చొని వేలు ముంచి నాలుక్కు రాసుకుంటోంది. తుపుక్కున పక్కకు ఉమ్మేసి, ఇంకా ఎండుచేప కడిగిన నీళ్ళ మాదిరే ఉంది అని కరివేపాకు చెట్టుకు చెప్పింది.

ఆ పద్ధతే ఖాయమైపోయింది. గురువారం నాటికి ఉప్పు ఊరుబిండి దాకా దిగింది. అంటే మన ఇంట్లో రోటి పచ్చడికి సరిపోయేంత. చేపలకు ఇంకా ఎక్కువే. నేను చెట్టును అడిగేవాణ్ణి, ఇంకెన్నాళ్ళు పడుతుంది అని. ఆమె చెట్టుకు చెప్పేది, తొందరపడితే అయ్యే పని గాదు అని. మా ఇద్దరి మధ్య ఆ కరివేపాకు చెట్టు అంత పనిమంతురాలవుతుందని ఎవరూ అనుకోలేదు.

శుక్రవారం పొద్దున్నే గేటు ముందు కారు ఆగింది. నాలుగు రోజులు కట్టె మీద పడి, ఎలా ఆపాలో నేను ఆలోచించనే లేదు. అక్క కొడుకు కాళ్ళు కడుక్కొని, నన్ను బాగుండారా బావా అని పలకరించి లోపలికి పోయాడు. ట్రంకుపెట్టె గది మధ్యలోకి వచ్చి ఉండటం చూశాను. నేను వరండాలో లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను. అడ్డం పోయి ఏమనాలి? ఆమెతో మొట్టమొదట మాట్లాడే మాట దెబ్బలాటగా ఉంటే ఏం బాగుంటుంది?

ఈలోపు లోపల ఆమె గొంతు వినిపించింది. నాకు వినపడేంత గట్టిగానే అంది.

"చేతబట్టిన పని సగంలో వదిలేసి ఎట్టా వస్తా నాయనా? నాట్లు మధ్యలో ఇడిచిపెట్టి గట్టెక్కినదాన్నా నేను? ఆ కట్టెకు ఉప్పు పోవాల. అది మునగాల. మునిగిన రోజున ఫోన్ జేస్తా, రా. మర్నాడే పోదాం."

అక్క కొడుకు పెరట్లోకి వచ్చి టబ్బులోకి చూశాడు. సన్నికల్లు పక్కకు జరిపాడు. కట్టె టపుక్కున పైకి లేచింది. ఇది మునిగే రకం మాదిరి లేదే బావా అన్నాడు. మునుగుతుంది, దాని రంధ్రాల్లో ఉన్న గాలి పోయి నీళ్ళు చేరడానికి టైము పడుతుంది అని చెప్పాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. అతను చేపల పులుసుతో అన్నం తిని, చెయ్యి కడుక్కొని, ఖాళీ కారుతో సంగం వెళ్ళిపోయాడు.

బెంగళూరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అమ్మాయికి జ్వరం తగ్గిందట, రక్తకణాలు పెరుగుతున్నాయట. ఆ సంగతి చెప్పాక, అయితే ఆ కట్టె మునిగేదాకా అమ్మ ఉంటుంది గదా అని ఖాయం చేసుకుంది మా ఆవిడ. వచ్చే గురువారానికి వస్తానంది.

"అప్పటిదాకా దాన్ని మునగనీయకండి" అంది.

నా పరిస్థితి చూడండి. జీవితమంతా ప్లవన సూత్రాలు చెప్పి బతికినవాణ్ణి. ఇప్పుడు అవి పనిచెయ్యకూడదని దేవుడికి దండం పెట్టుకోవాలి. నీళ్ళు తాగిన కట్టె మునిగే తీరుతుంది. పైగా మేం దాన్ని ఉడకబెట్టి మరీ నీళ్ళు పట్టించాం. నా లెక్క ప్రకారం సోమవారానికే అడుగుకు చేరాలి. అడుగుకు చేరిందంటే మా అత్త సంగం చేరుతుంది. అక్కడ పెరటి గచ్చు ఇంకా అలాగే పాచిపట్టి ఉంది.

ఆదివారానికి ఉప్పు పూర్తిగా పోయింది. మజ్జిగలోకి కూడా చాలదు అని చెట్టుకు తీర్పు వినపడింది. ఇక మిగిలింది మునగడమే. రోజూ పొద్దున సన్నికల్లు తీసి, కట్టె ఎంతవరకు తేలిందో చూసి చాకుతో చిన్న గాటు పెట్టేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ చూసేవాణ్ణి. ఏం విచిత్రమో, రాత్రంతా బుద్ధిగా నీళ్ళు తాగి పొద్దునకు మూడు వేళ్ళు కిందికి దిగే కట్టె, సాయంత్రానికి మళ్ళీ రెండు వేళ్ళు పైకి లేచేది. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఇది మొండికట్టె.

సంతోషించి ఊరుకోవచ్చు గదా. ఊరుకోలేను, అది నా జబ్బు. ఎండకు రంధ్రాల్లోని గాలి వ్యాకోచిస్తోందేమో అనుకున్నాను. లోపల ఏదో కుళ్ళి వాయువు పుడుతోందేమో అనుకున్నాను. ఉప్పు పోయి కట్టె తేలికైందేమో అనుకున్నాను. మూడు సిద్ధాంతాలు కాగితం మీద రాసి, నెల్లూరులో ఉన్న నా పాత సహోద్యోగికి ఫోన్ చేసి చదివాను. ఆయన అంతా విని, ఇంట్లో ఒంటరిగా ఉన్నావా అని అడిగాడు.

మంగళవారం సాయంత్రం నేను టబ్బు ముందు గొంతుక్కూర్చొని గాట్లు లెక్కపెడుతుంటే, మా అత్త గోడకు చెప్పింది, శ్రీహరికోటలో అంతలావు రాకెట్టును పైకి పంపతా ఉండారంట, ఈడ ఒక కట్టెను కిందికి పంపలేకపోతిరి అని. గోడ నవ్వలేదు గానీ ఆమె నవ్వింది. నాకు రోషం వచ్చింది. రేపు చూడమను అని గోడకు చెప్పాను. అన్నాక మళ్ళీ నాలుక కరుచుకున్నాను.

బుధవారం పొద్దున సన్నికల్లు తీస్తే కట్టె లేవలేదు. నిజంగా లేవలేదు. ఒక పాయ కొన, నా చిటికెన వేలి గోరంత, నీళ్ళపైన కనపడింది, అంతే. వేలితో తాకితే అది కూడా మునిగి, సోమరిగా మళ్ళీ పైకొచ్చింది. మా ఆవిడ రావడం రేపు. ఈ సాయంత్రానికి ఇది అడుగుకు చేరితే, మా అత్త సంగానికి ఫోన్ చేస్తుంది. రేపు పొద్దున్నే ఆ కారు వస్తుంది. మా ఆవిడ బస్సు దిగేసరికి తల్లి ఉండదు. గబుక్కున రాయి మళ్ళీ పెట్టేసి ఏమీ ఎరగనట్టు లేచి వచ్చేశాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక నాకు రెండు గంటలు పడుకునే అలవాటు. ఆరోజు పడుకోలేదు. పడుకున్నట్టు మంచం మీద వాలి, గురక కూడా కొంత పెట్టి, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిందాకా కాచుకున్నాను. తరువాత పెద్ద తుండుగుడ్డ భుజాన వేసుకొని, చెప్పుల్లేకుండా పిల్లిలా పెరటి తలుపు తీశాను. నా ఆలోచన తేలికే. కట్టెను తీసి, బాగా తుడిచి, మేడ మీద ఎండలో సాయంత్రం దాకా పడేస్తే, మళ్ళీ తేలడానికి సరిపడా గాలి చేరుతుంది. శాస్త్రాన్ని మోసం చెయ్యడం జీవితంలో అదే మొదటిసారి.

టబ్బులో కట్టె లేదు. సన్నికల్లు పక్కన పెట్టి ఉంది.

బట్టలుతికే బండ మీద, నడినెత్తిన ఎండలో, పాత చీరముక్క పరిచి, దాని మీద కట్టెను పడుకోబెట్టి, మా అత్త నాకు వీపు పెట్టి కూర్చొని ఉంది. అప్పడాలు తిప్పినట్టు దాన్ని అటొకసారి, ఇటొకసారి తిప్పుతోంది. తిప్పినప్పుడల్లా తడి ఉన్న వైపు కొంగుతో ఒత్తుతోంది. సందుల్లోకి విసనకర్రతో విసురుతోంది. ఎండు నాయనా, ఎండు అని దానితో చిన్నగా మాట్లాడుతోంది.

నా మూడు సిద్ధాంతాలూ ఒక్కసారిగా కూలిపోయాయి. రోజూ నేను గురకపెడుతున్నంతసేపూ ఈమె ఈ ఎండలో కూర్చొని ఉందన్నమాట.

నా నీడ బండ మీద పడింది. ఆమె ఉలిక్కిపడి తిరిగింది. అలవాటుగా కొంగు నెత్తి మీదికి లాక్కొని, మాట చెప్పడానికి కాకి కోసం చూసింది. కాకి లేదు. చెట్టు నా వెనక ఉంది. చేతిలో ఉన్న కట్టెను ఎక్కడ దాచాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఆమె చూపు నా భుజం మీది తుండుగుడ్డ మీద పడింది. నా ఉత్త కాళ్ళ మీద పడింది. పొలం చేయించిన మనిషి, లెక్క కట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"మీరూ దీనికే వచ్చినారా?" అంది.

ముప్పై ఏళ్ళలో నా మొహం చూసి ఆమె అన్న మొదటి మాట అది. అవునత్తా అన్నాను. మునిగితే పోతానంటిరి గదా అన్నాను, తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా.

ఆమె తల వంచుకొని కట్టెను చేత్తో రాస్తూ నెమ్మదిగా అంది.

"పోవాలని ఎవురికుంది నాయనా. నేనొచ్చి నాలుగు నెలలాయె. పొమ్మని మీరు అనలా. ఉండమనీ అనలా."

నా బిడ్డ రోజూ ఉండమంటా ఉంది, అది నా బిడ్డ, అనక ఏం జేస్తుంది అంది. ఇల్లు మీది, ఆ మాట మీ నోటి నుంచి రావాల గదా అంది.

నాకు సిగ్గేసింది. ఇంతమందికి ఇన్ని పాఠాలు చెప్పిన నోరు ఇది. ఈ పది రోజుల్లో చేపలతో మాట్లాడాను, చెట్టుతో మాట్లాడాను, గోడతో పంతం పట్టాను. పోనీయకు, పోనీయకు అని మా ఆవిడతో వందసార్లు అన్నాను. మా ఆవిడ వందసార్లూ మోసే ఉంటుంది. మజ్జిగ వద్దనే మాట ఎవరు మోసినా మజ్జిగ ఆగిపోతుంది. ఉండమనే మాట అట్లా కాదు. కూతురి నోట్లోంచి వస్తే అది కూతురి మాటే అవుతుంది. నాలుగు నెలలుగా రోజూ సాయంత్రం ఆమె పోతా పోతా అన్నది మా ఆవిడతో కాదు. పేపరు చదువుకుంటున్న నాతో.

తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాను.

"ఉండండి అత్తా" అన్నాను. "నేనే అడుగుతా ఉండా. మీరు పోతే ఈ ఇల్లు నాకు బాగుండదు."

ఆమె తలెత్తి నన్ను చూసింది. కొంగు జారిపోయినా లాక్కోలేదు. ఒళ్ళో ఉన్న కట్టెను రెండు చేతులా ఎత్తి నాకు అందించింది.

"అయితే దీన్ని నీళ్ళలో ఏసేయండి" అంది. "ఇంక మునగనీ."